సభ కాదంటే సర్కారు ఏం చేస్తుంది?

(విజయవాడలో మహిళా కార్యకర్తల అధ్యయన తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నా అంశం పేరు బోర్డు మీద రాయగానే వెనక వరుసలో కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గృహహింస గురించీ, ఆస్తిహక్కు గురించీ, కూలి రేట్ల గురించీ మాట్లాడుకోవలసిన చోట ఈ చట్టసభల నిబంధనల గొడవ మనకెందుకని మీకు అనిపించడం సహజమే. నాకూ చాలాకాలం అలాగే అనిపించేది. సెలెక్టు కమిటీ అన్నా, పాయింట్ ఆఫ్ ఆర్డర్ అన్నా అవి పెద్ద లాయర్లకూ, తలపండిన నాయకులకూ సంబంధించినవనుకునేదాన్ని. కృష్ణకు అవతలి ఒడ్డున, ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చే ఊళ్ళలో 2020లో జరిగింది చూశాక ఆ అభిప్రాయం మార్చుకున్నాను. ఆ కథే ఈ రోజు చెబుతాను. ఏ పార్టీ మంచిది, రాజధాని ఎక్కడుండాలి అన్న తగువులోకి నేను పోను. ఇక్కడ కర్నూలు నుంచి వచ్చిన అక్కలుంటే, 1937 శ్రీబాగ్ ఒడంబడిక దగ్గర్నుంచీ వాళ్ళు చెప్పుకోవలసిన బాధ వాళ్ళకూ ఉంది. 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉండి, దాన్ని పోగొట్టుకున్న ఊరది. ప్రభుత్వం ఒకటి కావాలని, సభ ఇంకొకటి కావాలని పట్టుబట్టినప్పుడు నియమాలను ఎవరు ఎటు వంచారు, ఆ లాగులాటలో ఆడవాళ్ళ మాట ఎక్కడ పోయింది అన్నంతవరకే నా విషయం.

భూమి సంగతి ముందు. 2015లో రాజధాని కోసం 29 గ్రామాల నుంచి భూసమీకరణ కింద సుమారు 34 వేల ఎకరాలు తీసుకున్నారు. మెట్ట భూమికి ఎకరాకు ఏడాదికి 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, పదేళ్ళపాటు, అభివృద్ధి చేసిన స్థలంలో వాటా. ఇదీ ఒప్పందం. మన డెల్టాలో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఎకరమో, అరెకరమో రాసిచ్చే ఆచారం మీకు తెలుసు. తుళ్ళూరు, మందడం వైపు చాలామంది ఆడవాళ్ళకు తమదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ముక్కే. ఒప్పంద పత్రాల మీద సంతకం పెట్టిన వాళ్ళలో అలాంటి వాళ్ళున్నారు. ఇక భూమి లేని వాళ్ళ సంగతి వేరు. జరీబు చేలల్లో ఏడాది పొడుగునా పని దొరికేది. ఆ పని పోయిన కుటుంబానికి నెలకు 2,500 రూపాయల పింఛను ఇచ్చారు. 2014 డిసెంబరులో సి.ఆర్.డి.ఎ. చట్టం వచ్చిననాడు ఆ కూలి ఆడవాళ్ళ మాట ఎంత వినబడింది? ఈ ప్రశ్న పక్కన పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వద్దాం.

2019 డిసెంబరు 17న అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి శాసనసభలో మూడు రాజధానుల మాట ఎత్తారు. మర్నాటి నుంచి ఆ ఊళ్ళలో శిబిరాలు వెలిశాయి. శిబిరాల్లో ముందు వరుసల్లో ఆడవాళ్ళే ఎక్కువ. ఎప్పుడూ గడప దాటి మైకు పట్టుకోనివాళ్ళు పట్టుకున్నారు. 144వ సెక్షన్ పెట్టారు. జనవరిలో కనకదుర్గమ్మ గుడికి పాదయాత్రగా బయల్దేరితే పోలీసులు ఆపారు. ఆడవాళ్ళను ఈడ్చిన తీరు మీద జాతీయ మహిళా కమిషన్ బృందం కూడా వచ్చి వెళ్ళింది.

2020 జనవరి 20న పొద్దున మంత్రివర్గం ఆమోదించిన వికేంద్రీకరణ బిల్లు, సి.ఆర్.డి.ఎ. రద్దు బిల్లు, రెండూ ఆ రోజే శాసనసభలో పెట్టారు, ఆ రోజే ప్యాసయ్యాయి. 175 మందిలో పాలకపక్షానికి 151 మంది ఉన్నప్పుడు అది కష్టమేమీ కాదు. లోపల బిల్లు నడుస్తుంటే బయట జనం పొలాల కడ్డంపడి సభవైపు నడిచారు.

మర్నాడు బిల్లులు శాసన మండలికి వెళ్ళాయి. అక్కడ లెక్క తలకిందులు. 58 మంది సభలో ప్రభుత్వ పక్షానికి తొమ్మిది మందే. తెలుగుదేశానిది పైచేయి. ముందుగా వాళ్ళు 71వ నిబంధన కింద నోటీసిచ్చారు. ప్రభుత్వ విధానాన్ని నిరాకరించే తీర్మానం అది. మామూలుగా బిల్లు వచ్చిన రోజున సభ పని బిల్లుతో మొదలవ్వాలని ప్రభుత్వం కోరుకుంటుంది. వీళ్ళు దాని ముందు ఈ తీర్మానాన్ని తెచ్చిపెట్టారు. ఆ రోజంతా దాని మీదే గడిచి తీర్మానం నెగ్గింది. అయితే తీర్మానం బిల్లును చంపదు. అందుకని మర్నాడు, 22వ తేదీన, బిల్లుల్ని సెలెక్టు కమిటీకి పంపాలన్న పట్టు వచ్చింది. మంత్రులు అభ్యంతరం చెప్పారు: కమిటీకి పంపాలంటే సరైన గడువులో నోటీసు కావాలి, సభలో ఓటు కావాలి, ఇక్కడ రెండూ లేవన్నారు. రాత్రిదాకా గలాటా సాగింది. చివరికి చైర్మన్ షరీఫ్ గారు 154వ నిబంధన కింద తన విచక్షణాధికారాన్ని వాడుతున్నానని చెప్పి బిల్లుల్ని సెలెక్టు కమిటీకి పంపేశారు. ఓటింగు లేదు.

నిజం చెప్పుకోవాలి. ఇది నిటారైన పని కాదు. వాళ్ళకు సంఖ్యాబలం ఉంది, ఓటు పెడితే నెగ్గేవాళ్ళే. మరి నోటీసు సరిగ్గా ఇచ్చి ఓటు పెట్టుకుని ఉంటే ప్రభుత్వానికి నోరు మెదపడానికి సందుండేది కాదు. విచక్షణ అన్న మాట ఎంత తియ్యగా ఉన్నా, దాన్ని ఈ రోజు మన పక్షాన వాడినవాడు రేపు మన మీదా వాడగలడు.

ఇలాంటిదే బ్రిటన్‌లోనూ జరిగింది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావడం మీద ప్రభుత్వానికీ కామన్స్ సభకూ పడని రోజుల్లో, 2019 జనవరిలో స్పీకర్ బెర్కో తన గుమాస్తాల సలహాను కాదని ఒక సవరణను ఓటుకు పెట్టారు. ఆ ఏడాదే సభ్యులు సభ ఎజెండాను ప్రభుత్వం చేతుల్లోంచి లాక్కుని తమ చట్టం తాము చేసుకున్నారు. ప్రభుత్వం సభనే అయిదు వారాలు మూసేయబోతే, లేడీ హేల్ అనే మహిళ అధ్యక్షురాలిగా ఉన్న సుప్రీంకోర్టు ఆ మూత చెల్లదని 2019 సెప్టెంబరు 24న చెప్పింది. అక్కడికీ ఇక్కడికీ ఒక తేడా ఉంది. అక్కడ బెర్కో చేసిన పని వంకరైనా, ఆఖర్న సభ్యులు ఓటు వేశారు.

మన దగ్గర ప్రభుత్వం ఏం చేసిందో చూడండి. అయిదు రోజులు తిరక్కుండా, జనవరి 27న, అసలు మండలినే రద్దు చెయ్యాలని శాసనసభలో తీర్మానం చేసింది. రాజ్యాంగం 169వ అధికరణం కింద అలా తీర్మానించే హక్కు శాసనసభకుంది. ఐతే దాన్ని చట్టం చేయవలసింది పార్లమెంటు. ఢిల్లీలో అది కదల్లేదు. ఈలోగా ఇంకో చిత్రం జరిగింది. సెలెక్టు కమిటీ వేయమని చైర్మన్ ఫైలు పంపితే, శాసనసభ కార్యదర్శి అది నిబంధనల ప్రకారం కుదరదని ఫైలు వెనక్కి పంపారు. చైర్మన్ గవర్నరును కలిసి చెప్పుకోవలసి వచ్చింది. కమిటీ వేయలేదు. ఒక్కసారీ కూర్చోలేదు.

ఇక్కడ 197వ అధికరణం తెలిస్తే గాని ఆ ఫైలు కథ అర్థం కాదు. అది చాలా చిన్నది, మీలో ఎవరైనా చదువుకోవచ్చు. శాసనసభ ప్యాసు చేసిన మామూలు బిల్లును మండలి ఆపగలిగేది మొదటిసారి మూడు నెలలు. తర్వాత శాసనసభ మళ్ళీ ప్యాసు చేసి పంపితే ఇంకొక నెల. అంతే. ఆ పైన మండలి ఒప్పుకున్నా, ఒప్పుకోకపోయినా ఒప్పుకున్నట్టే లెక్క. రాజ్యసభకున్నట్టు ఉమ్మడి సమావేశం కూడా లేదు. అంటే మండలి చేతిలో ఉన్నదల్లా నాలుగు నెలల కాలం. ఆ నాలుగు నెలల్ని వాడుకుంటే కమిటీ కూర్చుంటుంది, జనాన్ని పిలుస్తుంది, వింటుంది, నివేదిక ఇస్తుంది. వాడుకోకపోతే గోడ మీద గడియారం తిరిగినట్టు తిరిగిపోతుంది. ఫైలు వెనక్కి పంపడం వల్ల జరిగింది ఇదే. బిల్లుల్ని ఓడించాలనుకున్నవాళ్ళు ఓడించలేదు, పరిశీలించాలన్నవాళ్ళు పరిశీలించలేదు, కాలం మాత్రం గడిచిపోయింది.

జూన్‌లో శాసనసభ ఆ బిల్లులనే మళ్ళీ ప్యాసు చేసింది. 17న మండలికి వచ్చినప్పుడు తోపులాట జరిగింది. మండలి బిల్లులు చేపట్టకుండానే నిరవధికంగా వాయిదా పడింది. పోతూ పోతూ ద్రవ్య వినిమయ బిల్లును కూడా వదిలేసి పోయింది. ఆ ఏడాది కరోనా వల్ల మార్చిలో బడ్జెటు సమావేశాలు జరగలేదు. మూడు నెలల ఖర్చులకు ఆర్డినెన్సు తెచ్చుకున్నారు. దాని గడువు జూన్ 30. ద్రవ్య బిల్లును మండలి పద్నాలుగు రోజులకు మించి ఆపలేదని 198వ అధికరణం చెబుతుంది గనక ఆ పద్నాలుగు రోజులు గడిచేదాకా ఖజానా తాళం తియ్యడానికి లేదు. జులైలో ఒకటో తారీఖు రావలసిన ఉద్యోగుల జీతాలు ఆలస్యమయ్యాయి. ఆ నెల పాలవాడికీ, ఇంటి అద్దెకూ సర్ది చెప్పుకున్నది ఎవరో నేను చెప్పక్కర్లేదు. రాజధాని బిల్లుల మీద నెల గడిచింది. జులై 31న గవర్నరు సంతకం చేశారు.

తర్వాతది త్వరగా చెబుతాను. హైకోర్టు యథాతథ స్థితి అన్నది. 2021 నవంబరులో ప్రభుత్వమే ఆ చట్టాల్ని ఉపసంహరించుకుంది. 2022 మార్చి 3న హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, రాజధానిని మార్చే అధికారం శాసనసభకు లేదని తీర్పిచ్చింది. ఆ తీర్పులోని గడువుల మీద సుప్రీంకోర్టు అదే ఏడాది నవంబరులో స్టే ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారింది, 2025 మే 2న పనులు మళ్ళీ మొదలుపెట్టారు. అయితే మనం గమనించవలసింది వేరే ఉంది. మండలిని రద్దు చెయ్యాలన్న తీర్మానాన్ని కూడా 2021 నవంబరులోనే శాసనసభ వెనక్కి తీసుకుంది. ఎందుకంటే ఆ పాటికి ఖాళీలు నిండి మండలిలో పాలకపక్షానికే బలం వచ్చింది. అడ్డం వస్తే తెల్ల ఏనుగు, మనవాళ్ళు నిండితే పెద్దల సభ!

ఇందులో కొత్తేమీ లేదు, ఒక్క పార్టీదే తప్పనీ కాదు. 1958లో పుట్టిన మండలిని రద్దు చెయ్యాలని 1983లో తీర్మానం చేసింది తెలుగుదేశం. అప్పుడు మండలిలో కాంగ్రెస్ బలం ఎక్కువ. ఎన్నికైన ప్రభుత్వానికి మండలి అడ్డు రాకూడదన్నది నాటి తెలుగుదేశం వాదన. 1985 జూన్ 1 నుంచి మండలి రద్దయింది. కాంగ్రెస్ గద్దెనెక్కాక 1990లో ఒకసారి, 2004లో మరోసారి పునరుద్ధరణకు తీర్మానించి, 2007లో మళ్ళీ తెచ్చింది. 1983లో మండలి వద్దన్న పార్టీయే 2020లో మండలిని కాపాడాలంది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారేనాటికి మండలిలో వై.ఎస్.ఆర్. కాంగ్రెస్‌దే ఎక్కువ బలం. అంటే కుర్చీలు మారాయి, వాదనలూ వాటితోపాటు లేచి వెళ్ళి అటుపక్క కూర్చున్నాయి.

ఇంకా వెనక్కి పోతే, 1954 నవంబరులో కర్నూల్లో ప్రకాశం పంతులు గారి మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. దేని మీద? మద్యనిషేధం మీద, కల్లుగీత వాళ్ళ బతుకుతెరువు మీద, రామమూర్తి కమిటీ సిఫార్సుల మీద. ఆ వివాదంలో తాగేవాడి భార్యా ఉంది, గీసేవాడి భార్యా ఉంది. 1984లో సభ ముందుకు వెళ్ళడానికి నాదెండ్ల భాస్కరరావు గారికి నెల గడువిచ్చారు. ఆ నెలంతా శాసనసభ్యుల్ని కర్ణాటకలో దాచుకోవలసి వచ్చింది, ఊరూరా జనం రోడ్ల మీదికొచ్చారు. బలం తేలవలసింది సభలోనే అని సుప్రీంకోర్టు బొమ్మై కేసులో ఖాయంగా చెప్పడానికి 1994 దాకా పట్టింది.

ఇప్పుడు మన ప్రశ్నకొద్దాం. రెండో సభ ఉంటే ఆడవాళ్ళకు మేలా, కీడా? నేను దీనికి నికరంగా జవాబు చెప్పలేను. మండలి లేని రోజుల్లోనే, 1986లో, మన శాసనసభ కూతుళ్ళకు పుట్టుకతో సమాన వాటా ఇస్తూ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. దేశమంతటా ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. మధ్యలో ఇంకో సభ ఉండి, అందులో భూస్వాములు కూర్చుని ఉంటే ఆ బిల్లు ఎన్ని నెలలు నానేదో! అదే ఒంటి సభ, ఆడవాళ్ళు సారా వ్యతిరేక పోరాటంతో సాధించుకున్న మద్యనిషేధాన్ని 1995లో చట్టం చేసి, 1997లో సడలించేసింది. అప్పుడు ఆగమనడానికి ఎవరూ లేరు. కాబట్టి సభలు ఒకటా, రెండా అన్నది పార్టీలు తేల్చుకోనివ్వండి. 2023లో వచ్చిన 106వ రాజ్యాంగ సవరణ కూడా లోక్‌సభకూ, శాసనసభలకూ మూడోవంతు అన్నది గాని రాజ్యసభ పేరూ, మండలి పేరూ ఎత్తలేదు. మండలి ఉండాలని గొంతు చించుకున్నవాళ్ళెవరూ అందులో ఆడవాళ్ళెంతమంది అని అడగ్గా నేను వినలేదు.

నేను పట్టుకునేది సెలెక్టు కమిటీని. సభలో మాట్లాడే హక్కు సభ్యులకే ఉంది. గ్యాలరీలో కూర్చున్న మనం దగ్గినా బయటికి పంపుతారు. చట్టం తయారయ్యే దారిలో బయటి మనిషి లోపలికి వెళ్ళి, కుర్చీలో కూర్చుని, నా బతుకు ఇదీ అని చెప్పి రాయించగలిగే మెట్టు ఒక్కటే, అది కమిటీ. 1996లో మహిళా రిజర్వేషను బిల్లు పార్లమెంటుకొచ్చినప్పుడు గీతా ముఖర్జీ అధ్యక్షతన సంయుక్త సెలెక్టు కమిటీ వేశారు. మహిళా సంఘాలు దాని ముందుకు వెళ్ళాయి. ఆ బిల్లు ఎన్ని ఏళ్ళు మూలపడినా, తర్వాత ఎప్పుడు తీసినా ఆ నివేదికను దాటి ఎవరూ మాట్లాడలేకపోయారు. 2002 నాటి గృహహింస బిల్లులో మగవాడు ఆత్మరక్షణ కోసం కొట్టానంటే తప్పించుకునే సందుండేది. స్థాయీ సంఘం ముందు మహిళా సంఘాలు గట్టిగా చెప్పాయి. 2005లో వచ్చిన చట్టంలో ఆ సందు లేదు.

అందుకే 2020లో పోయిందేమిటని నన్నడిగితే, నాలుగు నెలల కాలం అంటాను. కమిటీ కూర్చుని ఉంటే పసుపు కుంకుమ ఎకరం ఇచ్చిన మందడం ఆవిడ వచ్చేది. 2,500 పింఛనుతో బతుకుతున్న కూలి ఆవిడ, 2014లో ఎవరూ అడగని ఆవిడ, వచ్చేది. కర్నూలు నుంచి మాకు హైకోర్టు ఎందుకు కావాలో చెబుతామని ఇంకొకావిడ వచ్చేది. ఈ ముగ్గురూ ఒకే బల్ల ముందు కూర్చుని ఉంటే రాజధాని తగువు తీరేదని నేననను. వాళ్ళు మాట్లాడింది ప్రభుత్వ రికార్డులో ఉండేది. కమిటీకి పంపాలని పట్టుబట్టిన పక్షం కూడా వీళ్ళను పిలిపించాలన్న పట్టుదల ఎంత చూపిందో నాకు అనుమానమే. వాళ్ళకు కావలసింది జాప్యం, వీళ్ళకు కావలసింది వేగం.

మీలో వార్డు మెంబర్లున్నారు, ఇద్దరు సర్పంచులు కూడా ఉన్నారని చెప్పారు. కార్యదర్శి ఫైలు వెనక్కి పంపాడంటే మీకు నవ్వు రాలేదు, నేను గమనించాను. ఎందుకంటే పంచాయతీలో ఇది మీరు రోజూ చూసేదే. సమావేశంలో మీరు కాదన్న పని తీర్మానాల పుస్తకంలో ఏకగ్రీవంగా ఆమోదించినట్టుంటుంది. మీరు పెట్టిన తీర్మానం అసలు రాసి ఉండదు. పుస్తకం అడిగితే ఆఫీసులో లేదంటారు, ఎవరింట్లోనో ఉంటుంది. నాకు తెలిసిన ఒక ఊళ్ళో సర్పంచమ్మ సంతకం పెట్టాకే ఎజెండా రాస్తారు. వెలగపూడిలో పెద్ద అక్షరాలతో జరిగింది మీ దగ్గర చిన్న అక్షరాలతో జరుగుతోంది.

అందుకని మధ్యాహ్నం భోజనాలయ్యాక మనం చేసే పని ఇది. పంచాయతీ సమావేశానికి నోటీసు ఎన్ని రోజుల ముందు రావాలి, అసమ్మతి రాయించుకోవడం ఎలా, తీర్మానాల పుస్తకం నకలు సమాచార హక్కు కింద ఎలా అడగాలి అనే వాటి మీద గుంపులుగా కూర్చుందాం. ప్రతి ఒక్కరూ మీ ఊళ్ళో పోయిన సమావేశంలో జరిగిన ఒక్క విషయం గుర్తు తెచ్చుకుని రండి. మీరేమన్నారో, పుస్తకంలో ఏముందో రెండూ కాగితం మీద రాద్దాం. పుస్తకం చూడనివాళ్ళు చూడలేదనే రాయండి.